అద్దెకున్నాయన నిద్రపోతున్నాడు

...అయినా, ఒక ఇల్లు ఖాళీ అయిందని ఎప్పుడనాలి? సామాను లారీ సందు మలుపు తిరిగినప్పుడా, ఆఖరి మనిషి తాళంచెవి అప్పగించినప్పుడా, లేక ఆ గదుల్లో ఎవరు ఎటు తల పెట్టుకుని పడుకునేవారో చెప్పగలిగే మనిషి కూడా లేకుండా పోయినప్పుడా? బీమా పాలసీలో దీనికి ఒకే ఒక్క వాక్యం ఉంది. అద్దెకిచ్చిన కట్టడం వరసగా రెండు నెలలకు మించి ఖాళీగా ఉంటే రక్షణ వర్తించదు. ఆ వాక్యం రాసినవాడు జన్మలో ఒక్క ఇల్లు కూడా ఖాళీ చేసి ఉండడు అనుకున్నాడు డిటెక్టివ్.

అతను చాలా ఇళ్ళు ఖాళీ చేశాడు. చిన్నప్పుడు, అమ్మానాన్నలతో. సామాను బయటికి వెళ్ళిపోయాక అమ్మ పళ్ళపొడిని నీళ్ళతో ముద్ద చేసి గోడలకున్న మేకుల కంతల్లో బొటనవేలితో కూరేది. ఇల్లుగలవాళ్ళు చూసి మాట అనకుండా. ఎంత పూడ్చినా, తలుపు వేసే ముందు వెనక్కి చూస్తే ఏ కంత ఎక్కడుందో, దానికి ఏ క్యాలెండరు వేలాడిందో అతనికి తెలిసిపోతూనే ఉండేది. ఇప్పటికీ ఏ ఇంట్లో అడుగుపెట్టినా అతని కళ్ళు ముందు మేకులనే వెతుకుతాయి.

ఈ ముందుగదిలో వెతకడానికి గోడలే సరిగా మిగల్లేదు. పోయిన వారం ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర మొదలైన మంట మంచాన్ని, అలమారను, పైకప్పులో సగాన్ని తినేసింది. కిటికీ చువ్వలు లోపలివైపు మసిబారి ఉన్నాయి. చువ్వల కింద నేల మీద, ఎవరో బయట నిలబడి లోపలికి కుమ్మరించినట్టు, మసి ఒక నాలుకలా సాగింది. పెట్రోలు. వారం గడిచినా వాసన పూర్తిగా పోలేదు.

బీమా కంపెనీ మేనేజరు నిన్న అతనికి ఫోన్ చేసి క్లుప్తంగా చెప్పాడు. "నష్టం అంచనాకెళ్ళిన సర్వేయరు మోసం అంటున్నాడు. ఇల్లుగలావిడ కాదంటోంది. నువ్వోసారి చూసిరా. మోసమని తేలితే క్లెయిమ్ ఇవ్వకపోవడమే కాదు, ఆవిడ మీద కేసు కూడా పెట్టాలి."

ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. భర్త లేడు. చెల్లెలి ఇంట్లో ఒక గదిలో ఉంటుంది. ఈ ఇంటి మీద వచ్చే అద్దె, ఇంత పెన్షను, అంతే ఆవిడ బతుకు. ఇల్లు తిరిగి లేవాలంటే బీమా డబ్బే దిక్కు.

"గోడలతో మాట్లాడుతున్నావా గురూ? ఏమంటున్నాయి?"

వెనక్కి తిరగకుండానే డిటెక్టివ్ సర్వేయరు గొంతు గుర్తుపట్టాడు. ఒకప్పుడు అదే గొంతు ఒకే గదిలో, ఒకే బల్బు కింద, పరీక్ష పుస్తకాలు పైకి చదువుతుంటే అతను కళ్ళు మూసుకుని వినేవాడు. సర్వేయరుకి చదివితే గుర్తుండేది, అతనికి వింటే గుర్తుండేది. అద్దె చెరిసగం, పుస్తకాలు ఒకటే జత. ఇద్దరూ పరీక్ష గట్టెక్కారు. తర్వాత ఒకడు కంపెనీకి నమ్మకస్తుడయ్యాడు, ఇంకొకడు కంపెనీకి అనుమానం వచ్చినప్పుడు పిలిచే మనిషయ్యాడు. ఇన్నేళ్ళలో వాళ్ళు కలుసుకున్నవన్నీ ఇలా కాలిపోయిన గదుల్లోనో, కూలిపోయిన గోడల పక్కనో.

"నువ్వు తొందరపడ్డావంటున్నాయి," అన్నాడు డిటెక్టివ్.

"అంటాయి. మొదటి నుంచీ నీకు మనుషులకన్నా గోడలే దగ్గరి చుట్టాలు." సర్వేయరు మసి అంటకుండా ప్యాంటు కొసలు పైకి మడుచుకున్నాడు. "రా, నీ చుట్టాలు చెప్పని సంగతి ఒకటి చూపిస్తా."

స్నానాల గదికి మంట చేరలేదు. సర్వేయరు గూట్లోంచి సబ్బుబిళ్ళ తీసి అరచేతిలో పెట్టాడు. అది ఎండి, నెర్రెలు బారి, గవ్వలా తేలికైపోయింది.

"దీని మీద నీళ్ళు పడి ఎన్నాళ్ళయిందంటావు?"

"చాలా నెలలు."

"అద్దెకున్నవాడు స్నానం చెయ్యడా?"

"చెయ్యనివాళ్ళు లేకపోలేదు. నాకో రూమ్మేటు ఉండేవాడు."

సర్వేయరు నవ్వు ఆపుకున్నాడు. "చలికాలం ఒక్కటే. సరే, ఇటు రా. పొయ్యి మీద సాలెగూడు. గిన్నెల్లో దుమ్ము. కానీ ముందుగదిలో రేడియో మటుకు స్విచ్చి వేసే ఉంది. మంట తగిలే దాకా మోగుతూనే ఉంది. ఎవరి కోసం? వీధి కోసం. ఇల్లు ఖాళీ గురూ. అద్దెకున్నవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఉన్నాడని ఆవిడ నాటకం ఆడింది. అద్దె రాని ఇల్లు నిలబడితే ఖర్చు, కాలితే రాబడి. అంతే కథ."

"పెట్రోలు?"

"ఆవిడే పోసిందనను. పోయించింది."

"ఇంత పక్కాగా ఉంటే నన్నెందుకు పిలిచినట్టు?"

"మన మేనేజరుకి జాలి. పెళ్ళికి ముందు ఆయన కాబోయే భార్యకి చేసుకున్న ట్రంకు కాల్సన్నీ కలిపింది ఈవిడేనట. మూడు నిమిషాలు దాటినా లైను కట్ చేసేది కాదట. ఇంక ఆయన ఈవిడని దొంగ అంటాడా?"

డిటెక్టివ్ వంటగది దాటి పెరటి తలుపు దగ్గర ఆగాడు. మంట ఇంతవరకూ రాలేదు గానీ పొగకు తలుపు నల్లబడింది. లోపలి గడియ వేసి ఉంది. తీశాడు. తోశాడు. తలుపు కదల్లేదు.

"అది తెరుచుకోదు," అన్నాడు సర్వేయరు. "బయట గొళ్ళేనికి తీగ చుట్టి ఉంది. ఫోటో తీసుకున్నా. బయటి నుంచి బిగించిన ఇల్లు. లోపల ఎవరూ లేరనడానికి ఇంకో రుజువు."

డిటెక్టివ్ ముందునుంచి బయటికి వచ్చి, పక్కసందులోంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళాడు. సర్వేయరు వెనకే వచ్చాడు. గొళ్ళెం కొక్కేనికి తగిలించి ఉంది. తాళం ఉండాల్సిన చోట సన్నటి నల్ల తీగ రెండు పేటలుగా చుట్టి, గట్టిగా మెలితిప్పి ఉంది. మెలికలు ఒకదాని పక్కన ఒకటి, కుట్టుమిషను కుట్టినంత వరసగా.

"లోపల గడియ వేసి ఉంది," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా. "బయట గొళ్ళెం బిగించి ఉంది. ఖాళీ ఇంటికి ఒకే తలుపుని రెండు వైపులా ఎవరు వేస్తారు?"

"ముసలి జాగ్రత్త."

"ఆవిడ ముందు తలుపుకి తాళంచెవి ఉంది. ఆ తాళం తలుపులోనే ఉంటుంది, వీధిలో నిలబడి చూస్తే వేసిందీ లేందీ తెలీదు. లోపలి నుంచి పెరటి గడియ వేసి, ముందు నుంచి తాళం తిప్పి వెళ్తే సరిపోతుంది. మళ్ళీ పెరట్లోకి వచ్చి తీగ చుట్టడం దేనికి? పైగా ఇది ఇళ్ళల్లో ఉండే తీగ కాదు. స్లాబు వేసేటప్పుడు ఇనప చువ్వలు కట్టే బైండింగు వైరు. ఇలా మెలితిప్పడానికి కొక్కెం ఉండాలి, ఆ పని అలవాటైన చెయ్యి ఉండాలి."

"ఇళ్ళు కట్టే చోటల్లా దొరికే వైరే కదా."

"దొరుకుతుంది. ముందు కిటికీలోంచి మంట, వెనక తలుపుకి వైరు. నువ్వు రుజువు కోసం చూస్తున్నావు. ఒకసారి లోపల పడుకుని ఉన్న మనిషిలా చూడు."

సర్వేయరు ఒక్క క్షణం గొళ్ళెం వైపు చూశాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖంలో పాత గదిలోని కుర్రవాడు కనిపించి మాయమయ్యాడు.

"లోపల ఎవరూ లేరు కదా గురూ. ఊహలకి నా రిపోర్టులో కాలమ్ లేదు. నేను కార్లో కూర్చుని పూర్తి చేస్తాను. ఇటు నుంచి ఇటే ఆఫీసుకి. నీకేమైనా తేలితే అరగంటలో వచ్చి చెప్పు. లేదంటే మేనేజరుకి నీ కవితలన్నీ రేపు విడిగా వినిపించుకో."

సర్వేయరు వెళ్ళిపోయాడు. బట్టలుతికే బండ మీద ఇల్లుగలావిడ కూర్చుని ఉంది. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది. ఉన్నట్టు తెలియకుండా ఉండడం ఆవిడకి అలవాటేమో. ఎన్నో వేలమంది మాటల మధ్య ఊపిరి కూడా వినపడకుండా కూర్చున్న మనిషి.

ఆవిడ తల మీదుగా తీగ మీద నాలుగైదు తెల్ల చొక్కాలు ఆరేసి ఉన్నాయి. మసి రాలి మచ్చలు పడ్డాయి. వారం నుంచీ వాటినెవరూ తియ్యలేదు.

"ఇవెవరివమ్మా?" అన్నాడు డిటెక్టివ్.

"అద్దెకున్నతనివే బాబూ."

"అతని పనేంటి?"

"లిఫ్టులు రిపేరు చేస్తాడు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో. రాత్రి డ్యూటీ."

డిటెక్టివ్ ఒక చొక్కా చేతిని వేళ్ళ మధ్య తీసుకున్నాడు. "లిఫ్టులు బాగుచేసేవాడి చొక్కా. అంచుల్లో గ్రీజు మరక ఒక్కటీ లేదు."

"నేను ఉతికితే ఏ మరకా ఉండదు."

"అద్దెకున్నతని బట్టలు మీరు ఉతుకుతారా?"

అతను కాలరు ఎత్తి చూశాడు. పొడుగ్గా, కొసదేలి, కుక్క చెవుల్లా వాలింది. ఇలాంటి కాలరు అతను చివరిసారి చూసింది నాన్న మెడ చుట్టూ. ఇల్లు మారిన ప్రతిసారీ నాన్న ఆ చొక్కా తొడుక్కుని కొత్త ఇల్లుగలవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళేవాడు. ఆ చొక్కా తొడుక్కున్న రోజు నాన్న గొంతు కూడా కొంచెం మారేది. అడుగుతున్నట్టు కాక అంగీకరిస్తున్నట్టు మాట్లాడేవాడు. ఆ చొక్కా తర్వాత ఏమైందో అతనికి గుర్తు లేదు.

"ఈ కాలర్ల కాలం పోయి చాలా ఏళ్ళయింది," అన్నాడు. "మోచేతుల దగ్గర ముడత లేదు. చంకల్లో చెమట చార లేదు. ఉతికి ఉతికి నూలు పలచబడింది. ఇవి ఈమధ్య ఉతికిన చొక్కాలే గానీ తొడిగిన చొక్కాలు కావమ్మా."

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది.

"మావారివి," అంది.

డిటెక్టివ్ బండకి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. నిజం చెప్పబోయే మనిషి కన్నా ఎత్తులో కూర్చోకూడదని అతను ఎక్కడా చదవలేదు. కానీ ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు.

"ఈ పాలసీ మీకెలా దొరికింది?" అని అడిగాడు. "ఇంత తక్కువ ప్రీమియానికి నేనెక్కడా చూళ్ళేదు."

ఆవిడ ముఖంలో అనుకోని వెలుగు వచ్చింది. "తిరిగాను నాయనా, కాళ్ళరిగేలా. ఏ ఆఫీసుకెళ్ళినా వాళ్ళు చెప్పింది విని, మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేసేదాన్ని. అందరూ ఇంటి ధర మొత్తానికి చెయ్యమనేవాళ్ళు. నేల కాలిపోతుందా బాబూ, అని అడిగాను ఒకతన్ని. కాలేది గోడలూ కప్పూ. తిరిగి కట్టడానికి ఎంతవుతుందో అంతకి చేస్తే చాలు కదా. చివరికి ఒక ఏజెంటు కుర్రాడు సరే అన్నాడు. కిటికీ అద్దం పగిలినా కుళాయి ఊడినా నేనే చూసుకుంటానన్నాను. లోపలి సామాను నాది కాదు, దానికి వద్దన్నాను. అలా ఒక్కొక్కటీ గిల్లి గిల్లి నాకు అందేంత చేయించుకున్నాను. ఒక్క షరతు మిగిలింది. ఇంట్లో మనిషి ఉండాలి."

"మనిషి వెళ్ళిపోయాడు."

"నాలుగు నెలలైంది. ఒక రాత్రి వచ్చి, ఊరెళ్తున్నాను పిన్నిగారూ, ఎవరికీ చెప్పకండి, అన్నాడు. పాత సామాను ఉంచేసి వెళ్ళాడు. వాళ్ళక్క ఊరు. ఇంకొకళ్ళని చూద్దామంటే ఎవరూ దొరకలేదు. ఖాళీ ఇంటికి బీమా చేస్తారా అని వేరేచోట అడిగితే మూడింతలన్నారు." ఆవిడ కొంగుతో మోకాలి మీది మసి తుడుచుకుంది. "అందుకని నేనే రావడం మొదలుపెట్టాను. కంపెనీవాళ్ళు వచ్చి చూస్తారని ఏజెంటు ముందే చెప్పాడు. వీధిలోంచి చూసేవాళ్ళకి మనిషి ఉన్నట్టుండాలి కదా. సాయంత్రం దీపం, మధ్యాహ్నం రేడియో, పక్కసందులోంచి కనపడేలా తీగ మీద మగవాళ్ళ బట్టలు."

"మీవారి చొక్కాలు ట్రంకుపెట్టెలోంచి తీశారు."

"పారెయ్యలేక దాచినవే. మొదటిరోజు రేడియో పెట్టేసి వెళ్ళిపోదామనుకున్నా. పాట అయ్యేదాకా ఉందామనిపించింది. ఆ తర్వాత ఇంకో పాట. ఆరేసిన చొక్కా గాలికి చేతులాడిస్తే నవ్వొచ్చింది. ఈ ఇల్లు మేం కట్టుకున్నదే నాయనా. డ్యూటీ నుంచి వచ్చి ఆ నడిమి గదిలో చాపేసుకుని పడుకుంటే, ఆయన చప్పుడు కాకుండా నడిచేవారు. చప్పుడు కాకుండా నడవడం ఆయనకి అస్సలు వచ్చేది కాదు. మొదట పాలసీ కోసమే వచ్చాను. పది రోజులయ్యాక పాలసీ మాటే మర్చిపోయాను. రోజూ భోంచేసి వచ్చి అదే గదిలో పడుకునేదాన్ని. ఖాళీ ఇల్లు అంటున్నాడే ఆ అబ్బాయి, ఖాళీ ఎలా అవుతుంది? నేను నిద్రపోయాను కదా ఇక్కడ."

ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందన్న తన ప్రశ్నకి ఇంత సూటి జవాబు వస్తుందని అతను అనుకోలేదు. బీమా కంపెనీ ఒప్పుకోదు. పాలసీలో నిద్రకి లెక్క ఉంటుంది, పగటి కలకి ఉండదు. అయినా అతనికి ఆవిడ మాటే సరైన నిర్వచనం అనిపించింది. ఎవరైనా భయం లేకుండా కళ్ళు మూసుకోగలిగిన చోటు.

భయం లేకుండా. అక్కడ అతని ఆలోచన తట్టుకుని ఆగింది.

"రోజూ ఆ వేళకి మీరు లోపలే ఉంటారు. ఆ రోజు ఎందుకు లేరు?"

"నీలిమందు అయిపోయింది. చొక్కాలు ఉతికేసి, రేడియో వినపడుతూనే ఉంది కదాని అలాగే వదిలేసి, కొట్టుకెళ్ళాను."

"అతను ఊరెందుకు వెళ్ళిపోయాడు? మీకేమైనా చెప్పాడా?"

"అతను చూసుకునే బిల్డింగులో లిఫ్టు తెగి పడింది బాబూ. మనుషులు పోయారు. పాత తాడు వేయించారని కోర్టులో చెప్పడానికి ఇతన్ని సాక్షిగా పిలిచారు. ఆ బిల్డింగు కట్టినాయన పెద్ద కంట్రాక్టరు. కేసు ఈ వారంలోనే ఉందనుకుంటా. ఆ గొడవతో నిద్రపట్టడం లేదనేవాడు. మనసు బాగాలేక వెళ్ళాడనుకున్నాను."

ఆవిడ భయం నాలుగు నెలలుగా ఒక్క వైపే చూస్తోంది. కంపెనీ వైపు. అంత గట్టిగా ఒకవైపు చూసే కంటికి రెండో వైపు నిలబడ్డ మనిషి కనిపించడు.

"ఆ రోజు ఎవరైనా ఇంటి గురించి అడిగారా? వచ్చిగానీ, ఫోన్‌లోగానీ?"

"కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు కదా," అంది ఆవిడ, అతనికి తెలియకపోవడం వింతగా ఉన్నట్టు. "గేటు మీద నా నంబరు రాసి ఉంటుంది, అద్దెకివ్వడానికి ఎప్పుడో రాయించింది. కొట్టు దగ్గరుండగా వచ్చింది. వెరిఫికేషన్ అన్నారు. మీ అద్దెకున్నాయన ఇంట్లోనే ఉన్నాడా, అని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నా గుండె దడదడలాడింది. ఉన్నారండీ, అన్నాను. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నారు, సాయంత్రం దాకా లేవరు, కావాలంటే వెళ్ళి చూసుకోండి, రేడియో కూడా వినపడుతుంది, అన్నాను." ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకే ఎక్కువ చెప్పాను."

రేడియో మోగుతోంది. తీగ మీద మగవాళ్ళ చొక్కాలు తడిగా ఉన్నాయి. ఇల్లుగలావిడే స్వయంగా చెప్పింది, నిద్రపోతున్నాడని. సాక్షిని వెతుక్కుంటూ వచ్చినవాడికి ఇంకేం కావాలి? పెరటి తలుపుకి వైరు చుట్టి, ముందు కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

డిటెక్టివ్ మేనేజరుకి ఫోన్ చేశాడు. ప్రమాదం జరిగిన రోజు ఈవిడకి కంపెనీ నుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని మాత్రమే అడిగాడు. మేనేజరు విసుక్కోకుండా పక్కవాళ్ళని కనుక్కుని చెప్పాడు. ఎవరూ చెయ్యలేదు. క్లెయిమ్ రాకముందు ఆ పాలసీ ఎవరూ తెరిచి కూడా చూడలేదు.

"అమ్మా," అన్నాడు ఫోన్ పెట్టేసి. "ఆ రోజు మీతో మాట్లాడింది కంపెనీ మనిషి కాదు."

ఆవిడ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత తల తిప్పి పెరటి తలుపు వైపు, దాని గొళ్ళెం వైపు చూసింది. కానీ ఆవిడ నోట వచ్చింది అతను ఎదురుచూసిన మాట కాదు.

"మళ్ళీ చేశాడు," అంది.

"ఎప్పుడు?"

"ఇందాక. మీరు రావడానికి కొంచెం ముందు. అదే గొంతు. వేల గొంతులు విన్నాను నాయనా, ఒకసారి విన్న గొంతు నేను మర్చిపోను. మీవాడు మంటల్లో లేడు, పనిలోనూ లేడు, ఎక్కడున్నాడో నిజం చెబితే మీ క్లెయిమ్‌కి మంచిది, అన్నాడు. నిన్న ఆ సర్వేయరు అబ్బాయి, నిజం చెప్పకపోతే జైలే అని బెదిరించి వెళ్ళాడు. ఇంకా ఎన్నాళ్ళు అబద్ధం, అనిపించింది. వాళ్ళక్క ఊరు చెప్పాను. వీధి చెప్పాను. పిండిమర పక్క ఇల్లు, నీలం తలుపు, అని కూడా చెప్పాను."

"అక్కడికి ఎంతసేపు?"

"బస్సులో అయితే రెండున్నర గంటలు. కార్లో తొందరగా వెళ్ళొచ్చు."

"ఫోన్?"

"అతనికి లేదు. తీసేశాడు. వాళ్ళక్క నంబరు నా దగ్గర లేదు. పిల్లలున్న ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు."

అబద్ధం ఆ మనిషిని ఒకసారి కాపాడింది. నిజం ఇప్పుడు దారిలో ఉంది.

పోలీసులకు చెప్పాలి. ఏమని? మంటలు ఆరిన రోజు ఆవిడే వాళ్ళకి రాసిచ్చింది, అద్దెకున్నతను ఇక్కడే ఉంటున్నాడనీ, ఆ సమయానికి బయటికి వెళ్ళాడనీ. అది తప్పని ఇప్పుడు నమ్మించాలంటే రుజువు కావాలి. ఎండిపోయిన సబ్బు, పొయ్యి మీది సాలెగూడు, ఫోటోలతో సహా సర్వేయరు రాస్తున్న రిపోర్టు. అతనే పక్కన నిలబడి ఔను అనాలి. అది అన్నాక ఆవిడకి ఇల్లు ఉండదు. పైసా కూడా రాదు.

అతను చెప్పకముందే ఆవిడ ఆ మాట దగ్గరికి వచ్చేసింది. ఎక్స్చేంజి బోర్డులో ప్లగ్గు పెట్టకముందే ఎవరు ఎవరితో మాట్లాడబోతున్నారో తెలిసిపోయే మనిషి.

"ఇదంతా ఆ అబ్బాయితో చెబితే నాకింక ఏమీ రాదు కదూ?"

"రాకపోవచ్చమ్మా. మీ మీద కేసు పడకుండా చూడగలనేమో. ఇంటి సంగతి మటుకు చెప్పలేను."

ఆవిడ నడిమి గది వైపు చూసింది. కప్పు కూలిన చోట నుంచి ఎండ పడి, ఎప్పుడూ చీకటిగా ఉండే ఆ గది నేల మెరుస్తోంది.

"ఆయన ఈ ఇంటికి తలుపులు పెట్టించేటప్పుడు పట్టుబట్టి పెరటి తలుపు పెట్టించారు," అంది. "ఒకే దారి ఉన్న ఇంట్లో నాకు ఊపిరాడదు, అనేవారు." కొంగు భుజం మీదికి లాక్కుని లేచి నిలబడింది. "ఆ పిల్లల ఇంటికి ఎన్ని తలుపులున్నాయో నాకు తెలీదు. నువ్వెళ్ళు నాయనా. నేను మా చెల్లెలింటికి పోయి తలుపేసుకుంటాను. స్టేషన్‌కి రమ్మంటే వస్తాను, సంతకం పెట్టమంటే పెడతాను."

డిటెక్టివ్ పక్కసందులోకి నడిచాడు. నాలుగడుగుల సందు చాలా పొడుగనిపించింది. జనం చెప్పిన నిజాలు అతని లోపల చాలా ఉన్నాయి. చాలావాటిని అతను ఎవరికీ చెప్పలేదు. రుజువులు సరిపోలేదని రాసి, విన్నదాన్ని విన్నచోటే వదిలేసి రావడం అతను నేర్చుకున్న దయ. దాన్ని అతను చాలా ఏళ్ళు గొప్పగా అనుకున్నాడు. చెప్పకుండా ఉండటానికి ఇప్పుడు కూడా కారణాలు వరసగా లేచి నిలబడుతున్నాయి. ముందు తనే ఆ ఊరు బయలుదేరవచ్చు. ఆవిడ పేరు రాకుండా ఒక అజ్ఞాత ఫోన్ చెయ్యవచ్చు. ఫోన్ ఎత్తిన కానిస్టేబులు దాన్ని నమ్మవచ్చు. ఆ ఆడపిల్లలు ఈ మధ్యాహ్నం ఇంట్లో లేకపోవచ్చు.

కారు వేపచెట్టు నీడలో ఆగి ఉంది. అద్దాలు పైకెత్తి, లోపల సర్వేయరు ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని తల వంచి రాస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళయినా రాసేది పైకి చదువుకోకుండా రాయడం అతనికి రాలేదు. ఆఖరి వాక్యం దగ్గర పెన్ను ఆపి, తాళంచెవి తిప్పాడు. ఇంజను అందుకుంది.

డిటెక్టివ్ వేలు మడిచి కారు అద్దం మీద తట్టాడు.